సమాధానమా, రాజీయా?

(దొర్నిపాడులో జరిగిన శతవార్షిక కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



కమిటీవారు మాకిచ్చిన అంశము "విశ్వాసము, సమాధానము, సామాజిక న్యాయము". ఇచ్చిన సమయము ఇరువది నిమిషములు. అవతల పొయ్యిమీద అన్నము ఉడుకుచున్న వాసన మీకు వచ్చుచున్నట్లే మాకును వచ్చుచున్నది గనుక చుట్టు తిరుగక విషయములోనికి వచ్చెదము.

కోయిలకుంట్లలో మాకొక మిత్రుడు కలడు. తెలుగు పండితుడు, హిందూ భక్తుడు, మంచి హాస్యప్రియుడు. ఒక క్రిస్మసునాడు మా ఆరాధనకు వచ్చి కూర్చుండి, అయిన తరువాత మమ్మును ఇట్లడిగెను: "అయ్యగారూ, మీవాళ్లు మాటిమాటికి సమాధానం, సమాధానం అంటారు. మా భాషలో సమాధానమంటే జవాబు కదా. ప్రశ్న ఎవరిది?"

మేము నవ్వి, మా బైబిలు తెలుగులో ఆ మాటకు శాంతి అని అర్థమని చెప్పి పంపివేసితిమి. ఆ ప్రశ్న మాత్రము మమ్మును విడిచి పోలేదు. ఎందుకనగా అంతకు కొన్ని సంవత్సరముల క్రిందటనే అట్టి ప్రశ్నను ఒక ముసలితల్లి మమ్మును వేరొక విధముగా అడిగియుండెను. ఆ సంగతి ముందు చెప్పవలెను. అది మా తప్పు గనుక దాచుకొనుట మంచిది కాదు.

మేము వేదాంత కళాశాల విడిచి, అభిషేకము పొంది, మొదటి పాస్టరేటునకు వచ్చిన దినములవి. ఊరి పేరు చెప్పము. శనగ కోతలు ముగిసినవి. మన సంఘపు కుర్రవాడొకడు రావలసిన కూలి డబ్బు అడుగుటకు ఒక ఆసామి ఇంటికి పోయెను. అడిగిన తీరు నచ్చలేదని చెట్టుకు కట్టి కొట్టిరి. చేయి విరిగెను. తల్లి స్టేషనుకు పోయి కాగితము వ్రాయించెను. ఆ రాత్రియే ఊరి పెద్దలు ఇద్దరు మా ఇంటికి వచ్చిరి. ఎంతో మర్యాదగా కూర్చుండి, "అయ్యగారూ, మీరు శాంతి చెప్పేవాళ్లు. కేసులూ కోర్టులూ అని ఊరు చెడిపోకూడదు. మీరొక్క మాట చెప్తే వాళ్లింటారు" అనిరి.

మాకు లోలోపల సంతోషము కలిగినదని ఒప్పుకొనుచున్నాము. ఊరి పెద్దలు గురువు ఇంటికి వచ్చి అడుగుట! మరునాడు పోయి, క్షమించుటను గూర్చి కొండమీది ప్రసంగమునుండి ఆ తల్లికిని కుమారునికిని బోధించితిమి. అయిదు వేల రూపాయలు ఇప్పించిరి. తెల్లకాగితము మీద వేలిముద్ర వేయించిరి. ప్రార్థన చేసి లేచుచుండగా ఆ తల్లి అనినది: "అయ్యగారా, నువ్వు జెప్పినావు, నేను ముద్రేసినాను. నా కొడుకు జేసిన తప్పేందో ఒక్కటి జెప్పిపో."

మేము జవాబు చెప్పలేదు. సమాధానము చెప్పితిమి గాని సమాధానము చెప్పలేదు! పండితుల ప్రశ్న విన్నప్పుడు మాకు ఆమె ముఖమే కనబడెను.

ప్రియులారా, వేదములో మొట్టమొదటి రక్తము చిందినచోట దేవుడు మొట్టమొదట చేసిన పని ఏమి? కయీనును పిలిచి ప్రశ్న వేసెను, తమ్ముడెక్కడ అని. కయీనుకు రాజీ కావలెను. దేవునికి సమాధానము కావలెను. నాబోతు సంగతి చూడుడి. పిత్రార్జితమైన ద్రాక్షతోటను ఇయ్యనన్నందుకు అతనిమీద దొంగసాక్షులను నిలిపిరి, పెద్దలు వచ్చిన తాకీదు ప్రకారము చేసిరి, ఉపవాసదినము కూడ చాటించిరి. అంతయు భక్తిగానే జరిగినది! ఊరు శాంతముగా ఉన్నది. ఆ శాంతమును చెడగొట్టుటకు దేవుడు ఏలీయాను పంపెను. యిర్మీయా కాలమందును గాయమును పైపైన మాన్పి, క్షేమమే లేనిచోట క్షేమమని పలికిన యాజకులు ఉండిరి. మా మొదటి పాస్టరేటులో మేము చేసినది ఆ వైద్యమే.

మన సీమలో ఈ రాజీ అనునది చిన్న వస్తువు కాదు. దానికి చరిత్ర కలదు. 1800లో నిజాము ఈ దత్త మండలములను కుంఫిణీవారికి అప్పగించినప్పుడు ఇక్కడ పాళెగాండ్ర రాజ్యము. మన్రో దొర వారి కోటలను పడగొట్టి, కొందరికి పింఛనులు ఇచ్చెను. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఈ ప్రక్కనే కోయిలకుంట్ల ఖజానామీద పడినాడు. 1847 ఫిబ్రవరిలో అదే కోయిలకుంట్లలో ఉరితీయబడినాడు. ఆయన ధైర్యమునకు నేటికిని పాటలు కలవు, ఉండదగినవే. తరువాతి కాలములో అధికారముపై పట్టు కొరకు, కాంట్రాక్టుల కొరకు, ఎన్నికల కొరకు ఊళ్లు రెండుగా చీలినప్పుడు దానికి ఫ్యాక్షను అని పేరు వచ్చినది. నాటుబాంబులు, వేటకొడవళ్లు, ఊరు విడిచిపోయిన కుటుంబములు. వీటిని సినిమాలలో చూచి చప్పట్లు కొట్టిన వారికంటె ఈ పందిరి క్రింద ఉన్న తల్లులకు ఎక్కువ తెలియును. నాయకులు ఇద్దరును ఏనాడో ఒకనాడు వియ్యమందవచ్చును, ఒకే పార్టీలో చేరవచ్చును. వారి వెంట తిరిగి చచ్చినవాడు, జైలుకు పోయినవాడు జీతగాడు, కూలివాడు, మన గేరివాడు. రాజీనాడు వాని పేరు ఎవరును తలంచరు.

ఇట్టి దేశములోనికి సువార్త వచ్చినది. 19వ శతాబ్దపు మధ్యకాలములో ఎస్.పి.జి. మిషనువారు ఆళ్లగడ్డ ప్రాంతమున ముత్యాలపాడును కేంద్రముగా చేసికొనిరి. జాన్ క్లే దొర పేరు మన పెద్దలు చెప్పగా వినియున్నాము. 1876లో ధాత కరువు వచ్చినది. 1871 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లాలో 9 లక్షల 14 వేలమంది ఉండగా, 1881లో లెక్కకు వచ్చినవారు 6 లక్షల 78 వేలమందియే. నలుగురిలో ఒకరు లేకపోయిరి. చచ్చినవారెందరో, వలసపోయినవారెందరో దేవునికెరుక. ఆ కరువునకు ముందును తరువాతను మన పితరులు బాప్తిస్మము పొందిరి. గంజి కొరకు మతము మారిరని కొందరు ఎగతాళి చేయుదురు. మేము దానికి కోపపడము. ఆకలిగొన్నవానికి ముందు గంజి పోయుట, తరువాత వాని బిడ్డకు పలక ఇచ్చుట, వానిని పేరుపెట్టి పిలుచుట, ఇవి సువార్తలో భాగము కాదని మాకెవరు చెప్పగలరు? ఊరిలో అరుగు ఎక్కనియ్యనివానిని బడిలో బల్లమీద కూర్చుండబెట్టినది ఎవరు?

డోర్నకల్ అజరయ్య అధ్యక్షులవారిని ఇక్కడ తలంచుకొనవలెను. తిరునల్వేలి జిల్లాలో 1874లో పుట్టిన తమిళుడు. 1912లో కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందెను. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పు అగుట అదే మొదలు. 1920 తరువాత మన ప్రాంతములు కూడ ఆయన పాలన క్రిందికి వచ్చినవి. అంతకు ముందే, 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్లదొరలను ఎదుట పెట్టుకొని, మీరు మాకొరకు ఎంతో త్యాగము చేసితిరి, నిజమే, కాని మాకు కావలసినది మీ స్నేహము అను భావము వచ్చునట్లు ఆయన మాటలాడెను. సభలో కొందరికి కష్టము తోచినది. అయినను అది చెప్పవలసిన మాట. దానము చేయువాడు కుర్చీలోను, పుచ్చుకొనువాడు నేలమీదను ఉన్నంతకాలము అది దానమేగాని సహవాసము కాదు.

ఇక మన ఇంటి సంగతి. ఊరివారి ఫ్యాక్షనును గూర్చి చెప్పి మన ఫ్యాక్షనును దాచుకొనుట న్యాయము కాదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి దేవాలయములో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటైరి, లోకమంతయు ఆశ్చర్యపడినది. నంద్యాల ప్రాంతములో మాత్రము పెక్కుమంది ఆ ఐక్యతలో చేరలేదు. బిషప్పు హస్తనిక్షేపణము లేని గురువు సంస్కారము జరిపించవచ్చునా అనునది పైకి కనబడిన ప్రశ్న. అది చిన్న ప్రశ్న కాదు, చదువుకొన్నవారు దానిపై గ్రంథములు వ్రాసిరి. కాని పల్లెలలో అది యూనియనువారు, నాన్-యూనియనువారు అయినది. మేము పుట్టకమునుపటి మాట. మా పెద్దలు చెప్పగా విన్నాము. ఒకే గేరిలో ఉన్న బంధువులు రెండు పక్షములై, పెండ్లికి పోవుటకు, పీనుగను మోయుటకు ఆలోచించిరట. 1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్షఖండమైనది. 1975లో దక్షిణ ఇండియా సంఘములో చేరినది. నడుమ ఇరువది ఎనిమిది సంవత్సరములు. ఐక్య సంఘమువారు 1950లో సిద్ధపరచిన ప్రభురాత్రి భోజన క్రమములో ప్రక్కవాని చేతులు పట్టి సమాధానము అందించు పద్ధతి కలదు. ఆ చేతులను మనము అందుకొనుటకు అంతకాలము పట్టినది.

చేతులు అందుకొన్న తరువాతనైనను బుద్ధి వచ్చినదా? ఏ గేరివాడు సంఘ కమిటీలో కార్యదర్శి కావలెను, ఎవరి శవము ఏ సమాధుల దొడ్డిలో పెట్టవలెను, పాత్ర ఎవరి పెదవికి ముందు తగులవలెను అను మాటలు మేము మా చెవులతో విన్నాము. ఊరివారు మనలను దూరముంచిరని వేదనపడిన మనమే, మన గుడిలో మరియొకరిని వెనుక బల్లకు పంపుచున్నాము. యాకోబు తన పత్రికలో బంగారు ఉంగరము పెట్టుకొన్నవానిని గూర్చి వ్రాసినది మన రిజిస్టరు చూచి వ్రాసినట్లున్నది. ఇంతకంటె చెప్పిన యెడల భోజనమునకు మమ్మును పిలువరేమో!

ఇప్పుడు కారంచేడు మాట చెప్పెదము. మీలో పెద్దవారికి జ్ఞాపకము. అది అప్పటి ప్రకాశం జిల్లాలో చీరాలకు దగ్గర ఊరు. 1985 జూలై 16న, గేరివారు త్రాగు నీటి చెరువులో భూస్వాముల ఇంటి కుర్రవాడు గేదెల కుడితి తొట్టి కడుగుచుండగా ఒక మాదిగ కుర్రవాడు కాదనెను. వానిని కొట్టబోయిరి. నీళ్లకు వచ్చిన ఒక స్త్రీ అడ్డుపడి తన బిందె పైకెత్తెను. మరునాడు, జూలై 17న, గుంపు వచ్చి గేరిమీద పడినది. ఆరుగురిని చంపిరి, స్త్రీలను చెరచిరి. బిందె ఎత్తిన ఆ స్త్రీ పేరేమో తెలియునా? సువార్త.

మేము ఈ పేరు మొదటిసారి విన్నది హైదరాబాదులో వేదాంత విద్యార్థిగా ఉన్నప్పుడు, తరగతిలో కాదు, హాస్టలులో ఒక సీనియరు చెప్పగా. సువార్త పుస్తకములు నాలుగు చదివి పరీక్షలు వ్రాయుచున్న మాకు, అయిదవదియొకటి బిందె పట్టుకొని చెరువు గట్టున నిలిచినదని అప్పుడు తెలిసినది.

తరువాత జరిగినది ఇంకను గమనింపదగినది. మిగిలినవారు ఊరు విడిచి చీరాల పోయి, అక్కడి చర్చి ఆవరణలో డేరాలు వేసికొని ఉండిరి. ఊరికి తిరిగి రండి, అంతయు సర్దుకొందమని చెప్పినవారు లేకపోలేదు. వారు పోలేదు. న్యాయము కావలెనని కూర్చుండిరి. కత్తి పద్మారావు, బొజ్జా తారకం మొదలగువారు ముందుండగా దళిత మహాసభ పుట్టినది. నాస్తికులు, హేతువాదులు, క్రైస్తవులు ఒకే ఆవరణలో ఒకే కుండలో అన్నము తినిరి. ఆ డేరాలలో ఉన్నవారికి చోటిచ్చిన ఆవరణ ప్రభువు బల్లకు దూరమని మేము అనజాలము. 1989లో షెడ్యూల్డు కులముల, తెగలపై అత్యాచారముల నిరోధక చట్టము వచ్చుటకు కారంచేడు వంటి ఘోరములు కారణము. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు మాత్రము 2008 డిసెంబరులో వచ్చినది. ఇరువదిమూడు సంవత్సరములు!

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమందిని నరికి చంపిరి. అక్కడివారును తెనాలిలో సాల్వేషన్ ఆర్మీవారి ఆవరణలోనే తలదాచుకొనిరి. 2007లో చుండూరులోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసెను. 2014లో హైకోర్టు అందరిని విడుదల చేసెను. మన విశ్వాసము కోర్టులపై ఆనుకొన్నది కాదు, అయినను ఆ దినమున వార్తాపత్రిక చదివి మేము ఆరాధనకు పోయి సమాధాన వందనము పలుకుటకు నోరు రాక నిలిచితిమి.

దూరదేశపు సంగతి ఒకటి. దక్షిణాఫ్రికాలో తెల్లవారి జాతివివక్ష పాలన ముగిసిన తరువాత, మన ఆంగ్లికన్ ఆర్చిబిషప్పు డెస్మండ్ టూటూ అధ్యక్షతన సత్య, సమాధాన కమిషను ఒకటి 1996లో విచారణలు మొదలిడెను. అక్కడ క్షమాభిక్ష ఊరకే ఇయ్యలేదు. నేను చేసితిని, ఇట్లు చేసితిని అని, చచ్చినవాని తల్లి వినుచుండగా, చేసినది యావత్తు చెప్పవలెను. అది లేనిది క్షమాభిక్ష లేదు. నష్టపరిహారము విషయములో అక్కడి బాధితులకు ఎంతో అసంతృప్తి మిగిలినది. అది పరిపూర్ణమని మేము చెప్పుట లేదు. కాని మేము మా మొదటి పాస్టరేటులో చేయించిన రాజీలో ఆ కుర్రవానిని కొట్టినవాడు నోరు కూడ విప్పలేదు. డబ్బు మాట్లాడినది.

ఇంకొక చిక్కు కలదు, క్లుప్తముగా చెప్పి వదలెదము. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువుకే షెడ్యూల్డు కులపు గుర్తింపు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఇచ్చిరి, క్రైస్తవులకు ఇయ్యలేదు. మన రాష్ట్రములో బి.సి. 'సి' అను వర్గము క్రింద ఒక్క శాతము. గనుక మన సంఘములలో బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు, బడి సర్టిఫికెట్టులో ఒక పేరు. దెబ్బలు తిని స్టేషనుకు పోయినవానిని ముందు అడుగునది, నీవు హిందువువా, క్రైస్తవుడవా అని. దెబ్బ కొట్టినవాడు అది అడుగలేదు! దీనినిబట్టి మన బిడ్డలను దొంగభక్తులని తిట్టు గురువులు కలరు. మేము తిట్టము. సత్యము పలికినవాని అన్నము తీసివేయు ఉత్తర్వును మార్చుమని అడుగుట మనందరి పని.

ఇక ఒక సంగతి చెప్పి ముగించెదము. ఇది ప్రస్తుతము మేము సేవించుచున్న సంఘములలో ఒకదానిది. ఆ కుటుంబమువారి అనుమతితోనే చెప్పుచున్నాము. అన్నదమ్ములిద్దరు. ఇద్దరును రెండు వేరు వేరు వర్గములవారి దగ్గర పనిచేయువారు. ఒకప్పుడు గొడవ జరిగి కేసైనప్పుడు, అన్న తన యజమాని మాట విని తమ్ముని మీద సాక్ష్యము చెప్పెను. చూడనిది చూచితినని చెప్పెను. తమ్ముడు జైలులో పదునాలుగు నెలలుండి వచ్చెను. ఆ తరువాత పదకొండు సంవత్సరములు ఒకడు గుడిలో కిటికీ ప్రక్కను, ఒకడు వాకిటి ప్రక్కను. ఒకడు సంస్కారము తీసికొన్న ఆదివారము రెండవవాడు లేచి బయటకు పోవును. మేము వెళ్లినప్పుడు సంఘ పెద్దలు, వాళ్లను కలపండి అయ్యగారూ అనిరి. మాకు ఆ ముసలితల్లి జ్ఞాపకము వచ్చెను. కలుపము అంటిమి. పెద్దలకు కోపము వచ్చినది.

అన్న దగ్గరకు పోయి ఒక్కటే అడిగితిమి, ఆ దినమున నీవేమి చూచితివి అని. ఆరు నెలలు అడిగితిమి. బలిపీఠమునొద్ద అర్పణము విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమన్న ప్రభువు మాటను అతనికి చదివి వినిపించితిమి గాని, క్షమించుమని తమ్మునితో ఒక్క మాటయు అనలేదు. చివరకు అతని భార్యయే అడిగినదట, "మనం సచ్చినాక పిల్లోళ్లకు ఏం జెప్పాల?" అని. ఆ సంవత్సరము శుభశుక్రవారపు ఆరాధనలో అతడు లేచి, నేను చూడలేదు, అబద్ధం చెప్పినాను, నా తమ్ముడు ఆడ లేడు అని అందరి ఎదుట చెప్పెను. పది మాటలుండవు. మరునాటికి అతని జీతము పోయినది. సంఘమువారు నెలకింత బియ్యము వేసికొనిరి. స్త్రీల మైత్రివారు రెండు గొర్రెలు కొనియిచ్చిరి. ఒక వకీలు అతనితో మరల ప్రమాణ పత్రము వ్రాయించెను. అది ఇంకను నడుచుచున్నది.

ఈస్టరునాడు తమ్ముడు వాకిటి ప్రక్కనుండి లేచి వచ్చి, అన్న మోకాళ్లూనిన వరుసలోనే, నడుమ ఇద్దరిని విడిచి మోకాళ్లూనెను. గత ఆదివారము నడుమ ఒక్కరే ఉండిరి. మాట్లాడుకొనుట ఇంకను లేదు.